నేర్చుకునే మోడల్, తర్కించే రూల్స్: రొయ్యల చెరువు కంట్రోలర్‌లో రెండూ కలపడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు నుంచి పైన సింగరాయకొండ, కొత్తపట్నం దాకా సముద్రం వెంబడి వనామీ రకం రొయ్యలు వేసే రైతులు, వాళ్ల ఇళ్లలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు, ఏరేటర్లను (చెరువు నీళ్లను చిలికి గాలి కలిపే మోటార్లు) నడిపే ఆటోమేటిక్ కంట్రోలర్లు తయారుచేసే చిన్న టీములు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. విషయం కృత్రిమ మేధది, ప్రపంచమంతా దీని మీద పని జరుగుతోంది, కానీ ఉదాహరణలు మాత్రం మన చెరువులవే తీసుకున్నాను, ఎందుకంటే మనిషి నిద్రపోతున్నప్పుడు యంత్రం సొంతంగా నిర్ణయం తీసుకోవాల్సిన చోటు మనకు ఇదే.

నేర్చుకోవడం, తర్కం కలపడం అంటే అసలు ఏంది?

మెషిన్ లెర్నింగ్ పాత రికార్డు చూసి అందులోని పోకడను పట్టుకుంటుంది. గత పంటల డీఓ రీడింగులు (నీళ్లలో కరిగిన ఆక్సిజన్), ఉష్ణోగ్రత, మబ్బు పట్టిన రోజులు, వేసిన మేత, ఇవన్నీ ఇస్తే "ఈ రాత్రి 3 గంటలకు డీఓ ఇంతకు పడొచ్చు" అని అంచనా చెబుతుంది. ఎందుకని అడిగితే మనకు అర్థమయ్యే కారణం చెప్పలేదు, దాని లోపల ఉన్నవన్నీ అంకెలే. తర్కం అట్లా కాదు. మనకు ముందే తెలిసిన విషయాలను "ఇలా అయితే అలా" అని రాసిపెడితే, వాటి నుంచి తప్పనిసరిగా తేలేదాన్ని తీస్తుంది, ఏ రూల్ తర్వాత ఏ రూల్ పట్టుకుని అక్కడికి వచ్చిందో చూపిస్తుంది కూడా. మనం రాయని విషయం మాత్రం దానికి తెలియదు.

ఈ రెండింటినీ ఒకే వ్యవస్థలో పెట్టడాన్నే న్యూరో సింబాలిక్ ఏఐ అంటున్నారు. నా ఉద్దేశం మొదటే చెప్పేస్తాను: అంచనా వేయడం మోడల్ పని, చేయొచ్చా లేదా అని అనుమతించడం రూల్స్ పని, వీటి మధ్య నడిచే మాటలో "నేను ఎంత నమ్మకంతో చెబుతున్నాను" అనేది కచ్చితంగా ఉండాలి. మొదటి రెండూ అందరూ పెడతారు, ఆ మూడోదాన్ని వదిలేస్తారు, గొడవలన్నీ అక్కడే పుడతాయి.

డీఓ 4 కిందకు వస్తే ఏరేటర్ ఆన్ అని ఒక్క రూల్ పెట్టుకుంటే చాలదా?

చాలా రాత్రులు చాలుతుంది. అలాంటి చెరువుకు మోడల్ అమ్మడానికి ఎవరైనా వస్తే వద్దనే చెబుతాను.

ఇబ్బంది మిగతా రాత్రుల్లో వస్తుంది. పగలు ప్లాంక్టన్ (నీళ్లలో తేలే కంటికి కనబడని నాచు లాంటి జీవాలు) ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి అదే ప్లాంక్టన్, రొయ్యలు, అడుగున కుళ్లే మేత అన్నీ కలిసి దాన్ని వాడేస్తాయి, అందుకే తెల్లవారుజామున డీఓ అడుగుకు చేరుతుంది. పగలంతా మబ్బుగా ఉంటే సాయంత్రానికే నీళ్లలో నిల్వ తక్కువ. ప్లాంక్టన్ ఒక్కసారిగా చచ్చిపోతే ఇంకా వేగంగా పడిపోతుంది. రీడింగ్ లీటరుకు 4 మిల్లీగ్రాములకు వచ్చాక ఏరేటర్ తిప్పడం మొదలుపెడితే అప్పటికే కిందకు జారే వేగం ఎక్కువగా ఉంటుంది, పైకి లాగడానికి టైమ్ పడుతుంది, ఆ టైమ్‌లో కరెంటు పోతే ఇక టెన్షనే. సాయంత్రం ఆరింటికే "ఈ రాత్రి కష్టం" అని తెలిస్తే మేత తగ్గించుకోవచ్చు, డీజిల్ చూసుకోవచ్చు, ఏరేటర్లు ముందుగానే తిప్పుకోవచ్చు. ఆ ముందుచూపు రూల్‌కు ఉండదు, మోడల్‌కు ఉంటుంది.

అయితే రూల్స్ ఎందుకు? మొత్తం మోడల్‌కే నేర్పిస్తే పోలా?

పోదు, కారణం డేటాలోనే ఉంది. ఏ రైతూ నేర్పడం కోసమని డీఓను 1 దాకా పడనివ్వడు. కాబట్టి మన రికార్డులన్నీ దాదాపు బాగున్న రాత్రులవే, ప్రమాదం జరిగే ప్రాంతం మోడల్‌కు దాదాపు కనబడనే లేదు. మనకు ఏ రాత్రి దాని సాయం కావాలో సరిగ్గా ఆ రాత్రి గురించే దానికి తక్కువ తెలుసు. తప్పులు చేస్తూ నేర్చుకునే పద్ధతి, అంటే రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్, కంప్యూటర్ ఆటల్లో అద్భుతంగా పనిచేస్తుంది, ఎందుకంటే ఆట ఓడితే మళ్లీ మొదలుపెట్టొచ్చు. చెరువులో పంట పోతే మళ్లీ మొదలుపెట్టడమంటే అప్పుతో మొదలుపెట్టడం.

ఇంకోటి, వాతావరణం మారితే పోకడ మారుతుంది. ఎండాకాలం పంట మీద నేర్పిన మోడల్‌ను ఈశాన్య రుతుపవనాల వానల్లో పెడితే నీళ్లలో ఉప్పు శాతం పడిపోయి, ఎండ లేక, అది ఎప్పుడూ చూడని పరిస్థితి వస్తుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను లాంటిది వచ్చినప్పుడు మోడల్ భయపడదు, ఎప్పటిలాగే ధీమాగా ఏదో ఒక అంకె చెబుతూనే ఉంటుంది. రూల్‌కు తుఫాను తెలియకపోయినా "ఏ చెరువులోనూ కనీస సంఖ్యకు తగ్గకుండా ఏరేటర్లు తిరగాలి" అన్నది ఎండకూ వానకూ ఒకటే.

కలపడం అంటే కోడ్‌లో ఎలా ఉంటుంది?

ఒకటే పద్ధతి అని లేదు. ఎక్కువమంది చేసేది వరుసగా పెట్టడం: మోడల్ చూస్తుంది, అది చెప్పినదాన్ని రూల్స్ తీసుకుంటాయి, నిర్ణయం బయటకు వస్తుంది. రెండో పద్ధతి నాకు బాగా నచ్చేది, షీల్డ్ అంటారు, 2018లో ఈ పేరుతోనే పరిశోధన పత్రం వచ్చింది. ఇందులో మోడల్ తనకు ఇష్టమైన నిర్ణయం తీసుకుంటుంది, కానీ ఆ నిర్ణయం మోటారు దాకా వెళ్లేముందు షీల్డ్ దాన్ని చూస్తుంది, భద్రత రూల్‌ను మీరితే ఆపి సురక్షితమైన ఇంకో పనిని పెడుతుంది. మోడల్‌ను రేపు మార్చినా షీల్డ్ అలాగే ఉంటుంది, దాన్ని విడిగా పరీక్షించుకోవచ్చు.

మూడోది సెర్చ్‌తో కలపడం. 2016లో గో అనే బోర్డు ఆటలో మేటి ఆటగాడు లీ సెడోల్‌ను 4–1తో ఓడించిన ఆల్ఫాగో ప్రోగ్రామ్ చేసింది అదే: ఏ ఎత్తు బాగుంటుందో న్యూరల్ నెట్‌వర్క్ (డేటా చూసి నేర్చుకునే ఒక రకం మోడల్) సూచిస్తుంది, ఆ ఎత్తు వేస్తే ముందుకు ఏమవుతుందో ఆట నియమాల ప్రకారం సెర్చ్ లెక్కేస్తుంది. నాలుగోది ఇంకా పరిశోధనల్లోనే ఎక్కువగా ఉంది, తర్కాన్నే నేర్చుకోవడం లోపలికి తీసుకెళ్లడం. 2018లో వచ్చిన డీప్‌ప్రాబ్‌లాగ్ అనే వ్యవస్థలో చేతితో రాసిన రెండు అంకెల బొమ్మలు ఇచ్చి వాటి మొత్తం మాత్రమే చెబుతారు, ఏ బొమ్మ ఏ అంకో చెప్పరు. కూడిక అనే తర్కం ముందే ఉండటం వల్ల ఆ మొత్తం నుంచే అంకెల్ని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. తెలిసిన విషయాన్ని మళ్లీ డేటా నుంచి నేర్పాల్సిన అవసరం లేకపోవడం, దీని అందం అదే.

మోడల్ 0.7 (అంటే 70 శాతం అవకాశం) అంటుంది, రూల్ అవునా కాదా అంటుంది. రెండింటికీ పొత్తు ఎలా కుదురుతుంది?

ఇదే అసలు ప్రశ్న. చాలామంది 0.5 దాటితే అవును, లేకపోతే కాదు అని పెట్టేస్తారు. అలా పెట్టగానే మోడల్ అనుమానం మొత్తం అక్కడే చచ్చిపోతుంది, 0.51 కూడా 0.99 కూడా రూల్స్ దగ్గరకు ఒకే "అవును"గా చేరతాయి.

మొదట చూడాల్సింది ఆ 0.7 నిజమైన 0.7నా అని. డీఓ ప్రమాద స్థాయికి పడే అవకాశం 70 శాతం అని చెప్పిన రాత్రులన్నీ పక్కకు తీసి లెక్కపెడితే, వాటిలో దాదాపు 70 శాతం రాత్రులు నిజంగా పడి ఉండాలి. దీన్నే కాలిబ్రేషన్ అంటారు, న్యూరల్ నెట్‌వర్క్‌లు ఇందులో తరచుగా అతిధీమా చూపిస్తాయి, సరిచేయడానికి పద్ధతులున్నాయి కానీ ముందు లెక్క చూడాలి కదా.

తర్వాత, ఎక్కడ గీత గీయాలన్నది మోడల్ చెప్పేది కాదు, నష్టం చెప్పేది. ఉదాహరణకు అనవసరంగా రెండు గంటలు ఏరేటర్లు తిప్పితే అయ్యే కరెంటు ఖర్చును 1 అనుకుందాం, తిప్పాల్సినప్పుడు తిప్పకపోతే పోయే సరుకును 50 అనుకుందాం. అప్పుడు గీత 0.5 దగ్గర కాదు, 51లో 1 వంతు, అంటే దాదాపు 2 శాతం దగ్గర ఉండాలి. ప్రమాదం 2 శాతం అని చెప్పినా తిప్పడమే లాభం. రొయ్యలు పది రోజుల పిల్లలుగా ఉన్నప్పుడు ఈ అంకెలు వేరు, పట్టుబడికి దగ్గర పడ్డాక వేరు, కాబట్టి గీత కూడా పంట పొడుగునా జరుగుతూ ఉండాలి. ఇది రైతుకు చెబితే వెంటనే అర్థమవుతుంది, కంట్రోలర్ తయారుచేసేవాళ్లే దీన్ని ఒక స్థిరమైన అంకెగా కోడ్‌లో పాతేస్తున్నారు.

రూల్సే తప్పైతే?

అవుతాయి. దీనికి మనకు దగ్గరలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 2022 ఆగస్టు 7న శ్రీహరికోట (అప్పటికి కొత్త జిల్లాల లెక్కలో తిరుపతిలోకి వెళ్లింది, మనకు మాత్రం ఇప్పటికీ నెల్లూరు షారే) నుంచి ఇస్రో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ మొదటి ప్రయోగం జరిగింది. రెండో దశ విడిపోయేటప్పుడు వచ్చిన కంపనాలు కొద్దిసేపు యాక్సిలరోమీటర్లను (రాకెట్ వేగంలో మార్పును కొలిచే సెన్సార్లు) కుదిపేశాయి. సెన్సార్ లోపాన్ని పసిగట్టే లాజిక్ ఆరు యాక్సిలరోమీటర్లూ పాడయ్యాయని తేల్చి, రాకెట్‌ను సాల్వేజ్ మోడ్‌లోకి, అంటే ఉన్నంతలో ప్రయోగాన్ని కాపాడుకునే పద్ధతిలోకి తీసుకెళ్లింది. నిజానికి సెన్సార్లు బాగానే ఉన్నాయి. చివరకు 356 కిలోమీటర్ల గుండ్రటి కక్ష్యకు బదులు 356 × 76 కిలోమీటర్ల కక్ష్యలో పడి రెండు ఉపగ్రహాలూ పోయాయి. కారణం వెతికి సరిచేశాక 2023 ఫిబ్రవరి 10న రెండో ప్రయోగం విజయవంతమైంది.

అక్కడ మెషిన్ లెర్నింగ్ లేదు. బాగా ఆలోచించి రాసిన తర్కమే. ఆరూ ఒక్క క్షణంలో పాడయ్యాయా, లేక ఒకే కారణం ఆరింటినీ ఒకేసారి కదిపిందా అన్నది వేరుచేసి చూడాల్సిన చోటు అది. మన చెరువుల్లో కూడా పెద్ద వాన పడగానే అన్ని సెన్సార్ల రీడింగులూ కలిసి మారతాయి, వెంటనే "సెన్సార్లు ఫెయిల్" అని తేల్చే రూల్ ఉంటే అది వానను లోపం అనుకున్నట్టే. ఇలాంటి రూల్‌కు రెండు విషయాలు రాయాలి: ఎంతసేపు తేడా ఉంటే లోపం అనాలి, అన్ని సెన్సార్లూ ఒకేసారి తప్పు చెబుతుంటే ఏమనుకోవాలి. ఇక్కడే మోడల్ రూల్స్‌కు తిరిగి సాయం చేయగలదు, వాన రోజుల రికార్డు చూసి ఉంటే అప్పుడు రీడింగులు ఎలా కదులుతాయో దానికి తెలుసు.

సెన్సార్ అబద్ధం చెబుతోందని యంత్రానికి ఎలా తెలుస్తుంది?

తర్కం బాగా పనికొచ్చే చోటు ఇది. ప్రోబ్ (నీళ్లలో ముంచి ఉంచే సెన్సార్ కొన) మీద పాచి పడితే రీడింగ్ మెల్లగా పక్కకు జారుతుంది, ఒక్క రీడింగ్ చూసి ఎవరూ చెప్పలేరు. కానీ విషయాలను జతచేసి చూడొచ్చు. ఏరేటర్‌కు ఆన్ అని ఆదేశం వెళ్లింది, మోటారు తీసుకునే ఆంపియర్లు సున్నా: అంటే కాంటాక్టరో కేబులో పోయింది. ఆంపియర్లు మరీ తక్కువగా ఉన్నాయి: మోటారు తిరుగుతోంది కానీ ప్యాడిల్ నీళ్లను కొట్టడం లేదేమో, గేర్‌బాక్స్ చూడాలి. ఆంపియర్లు సరిగ్గా ఉన్నాయి, అయినా ఒకే చెరువులో డీఓ పడుతోంది: ప్రోబ్ అయినా పాడై ఉండాలి, ప్లాంక్టన్ అయినా పడిపోయి ఉండాలి, చేత్తో పట్టుకునే మీటర్‌తో మనిషి ఒకసారి చూడాలి. వచ్చిన లక్షణాల నుంచి కారణానికి ఇలా వెనక్కి వెళ్లడాన్ని మోడల్ ఆధారిత రోగనిర్ధారణ అంటారు (ఇక్కడ మోడల్ అంటే డేటా నుంచి నేర్చుకున్నది కాదు, యంత్రం ఎలా పనిచేస్తుందో రాసిపెట్టిన వివరం). 1999 మేలో నాసా వాళ్ల డీప్ స్పేస్ 1 వ్యోమనౌకను రిమోట్ ఏజెంట్ అనే సాఫ్ట్‌వేర్ సొంతంగా నడిపినప్పుడు, అందులో లివింగ్‌స్టన్ అనే భాగం చేసింది ఇదే పని.

రెండు రూల్స్ ఒకదానికొకటి అడ్డం వస్తే?

వస్తాయి, అందుకే ఏది పైన, ఏది కింద అని ముందే రాసుకోవాలి. కరెంటు పోయింది, అన్ని చెరువుల్లోనూ డీఓ తక్కువ. "అన్ని ఏరేటర్లూ ఆన్" అని ఒక రూల్, "జనరేటర్ లోడ్ దాటకూడదు" అని ఇంకో రూల్. మొదటిదాన్ని గెలిపిస్తే జనరేటర్ ట్రిప్ అయి ఒక్కటి కూడా తిరగదు. కాబట్టి లోడ్ పైన ఉంటుంది, దాని లోపల ప్రతి చెరువుకూ కనీస ఏరేటర్లు, మిగిలిన లోడ్‌ను ఏ చెరువుకు ఇవ్వాలో మోడల్ అంచనా చూసి పంచడం, అన్నింటికన్నా కింద కరెంటు బిల్లు.

వీటన్నింటికీ పైన ఒకటుంది: చెరువులో మనిషి దిగి ఉన్నప్పుడు ఏరేటర్ దానంతట అది స్టార్ట్ కాకూడదు. నీళ్లు, కరెంటు, మోటారు ఉన్న చోట ప్రాణాలు పోతాయి. ఈ రూల్‌ను సాఫ్ట్‌వేర్‌కు వదలొద్దు. గట్టు మీద కరెంటును పూర్తిగా తెంపే ఐసోలేటర్ స్విచ్ పెట్టి, దిగే మనిషే దాన్ని ఆపి, తాళం తన దగ్గరే ఉంచుకోవాలి. డీఓ ఎంత పడినా, మోడల్ ఎంత గట్టిగా చెప్పినా, ఆ తాళం తీసేదాకా మోటారుకు కరెంటు వెళ్లే దారే ఉండకూడదు. కంట్రోలర్ కొనేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే.

సొంతంగా నడిచే కార్లలో ఈ కలయిక లేకే ప్రమాదాలు జరుగుతున్నాయా?

అన్నింటికీ అదే కారణమని చెప్పలేం. ఒక ప్రమాదం మాత్రం ఈ విషయానికి సరిగ్గా అతుకుతుంది. 2018 మార్చిలో అమెరికాలోని టెంపీలో ఊబర్ పరీక్ష కారు, సైకిల్ నడిపించుకుంటూ రాత్రిపూట రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొంది, ఆమె చనిపోయారు. అక్కడి రవాణా భద్రతా బోర్డు దర్యాప్తు ప్రకారం కారు సెన్సార్లు ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే ఆమెను పసిగట్టాయి. కానీ సాఫ్ట్‌వేర్ ఆమెను ఒకసారి వాహనమనీ, ఒకసారి ఇంకేదో అనీ, ఒకసారి సైకిల్ అనీ మార్చుకుంటూ పోయింది. పేరు మారిన ప్రతిసారీ అప్పటిదాకా ఆ వస్తువు ఎటు కదిలిందన్న చరిత్రను పక్కన పడేసింది. జీబ్రా క్రాసింగ్ లేని చోట మనిషి రోడ్డు దాటొచ్చన్న ఆలోచనే ఆ డిజైన్‌లో లేదు.

అదేమిటో తేలకపోయినా, ఏదో ఒకటి ఉంది, అది మన దారిలోకి కదులుతోంది, ఆగాలి అన్నది చిన్న తర్కం. పేరు గుర్తుపట్టడం మీదే అన్నీ ఆధారపెట్టడం వల్ల ఆ మాట బ్రేకు దాకా చేరలేదు. మన ఒంగోలు, కావలి దగ్గర హైవే మీద మనుషులు, గేదెలు, ట్రాక్టర్లు ఎక్కడబడితే అక్కడ దాటతాయి, ఇక్కడికి వచ్చే ఏ బండికైనా ఈ తర్కం లోపల ఉండి తీరాలి.

ఇది కొత్తగా వచ్చిన ఆలోచనా?

కాదు. 1970ల్లో స్టాన్‌ఫర్డ్‌లో మైసిన్ అనే వ్యవస్థ దాదాపు 600 రూల్స్‌తో ఇన్ఫెక్షన్లకు యాంటీబయాటిక్స్ సూచించేది, ప్రతి రూల్‌కూ ఎంత నమ్మకమో ఒక అంకె కూడా పెట్టారు. అంటే అనుమానాన్ని తర్కంలోకి తేవాలన్న ఆలోచన అప్పటికే ఉంది. 2012లో అలెక్స్‌నెట్ అనే న్యూరల్ నెట్‌వర్క్ బొమ్మల్ని గుర్తుపట్టడంలో దుమ్ము దులిపాక అందరి చూపూ నేర్చుకోవడం వైపు వెళ్లింది, ఇప్పుడు రెండూ కావాలని మళ్లీ వెనక్కి వస్తున్నారు.

చాట్‌బాట్‌నే అడిగి నిర్ణయం తీసుకోమంటే కుదరదా?

సూచన అడగండి, స్విచ్ మాత్రం ఇవ్వకండి. చాట్‌బాట్ లోపల ఉండే పెద్ద భాషా మోడల్ తర్కంలా కనబడే మాటలు చక్కగా రాస్తుంది, కానీ ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టు నిజంగా వస్తుందా అని లోపల తనిఖీ చేసే హామీ లేదు. దాన్ని సరిగ్గా వాడే దారి 2024 జనవరిలో ఆల్ఫాజామెట్రీ అనే వ్యవస్థ చూపించింది. ఒలింపియాడ్ స్థాయి జ్యామితి లెక్కలు 30 ఇస్తే 25 చేసింది. అందులో భాషా మోడల్ చేసింది "ఇక్కడ ఒక బిందువు పెట్టి చూడు" లాంటి సూచనలివ్వడం, నిరూపణ మెట్లు మాత్రం తర్కం ఇంజిన్ ఒక్కొక్కటిగా తీసింది. సూచన తప్పైనా నష్టం లేదు, నిరూపణ కుదరదు, అంతే. చెరువులో కూడా అలాగే, చాట్‌బాట్ రాసిన ప్లాన్‌ను షీల్డ్ తనిఖీ చేసి ఒప్పుకుంటేనే మోటారు దాకా వెళ్లాలి.

తర్కంతో నిరూపించాం, నూటికి నూరు శాతం సేఫ్ అని కంపెనీవాళ్లు చెబితే నమ్మొచ్చా?

ఏది నిరూపించారో అడగండి. న్యూరల్ నెట్‌వర్క్‌ల మీద కూడా గణిత నిరూపణలు చేస్తున్నారు, 2017లో రీలూప్లెక్స్ అనే పద్ధతితో విమానాలు ఢీకొనకుండా చూసే ఏకాస్ ఎక్స్‌యూ నెట్‌వర్క్‌ల లక్షణాలను పరీక్షించారు. అది గొప్ప పని. కానీ ఏ నిరూపణైనా "ఇన్‌పుట్ ఈ హద్దుల్లో ఉంటే అవుట్‌పుట్ ఇలా ఉంటుంది" అనే చెబుతుంది. ప్రోబ్ బురదలో కూరుకుపోయి ఉంటే నిరూపణ కాగితం మీద నిజంగానే ఉంటుంది, రొయ్యలు నీళ్ల పైకి తేలుతూనే ఉంటాయి.

నెట్ లేకపోతే?

షీల్డ్, కనీస రూల్స్ గట్టు మీద ఉన్న బోర్డులోనే నడవాలి. మోడల్ క్లౌడ్‌లో ఉన్నా ఫర్వాలేదు, దాని మాట అరగంట నుంచి రాలేదంటే దాన్ని "ప్రమాదం లేదు" అని కాకుండా "తెలియదు" అని తీసుకుని, జాగ్రత్త వైపే వెళ్లాలి.

యంత్రం తీసుకున్న నిర్ణయానికి బాధ్యత ఎవరిది?

చట్టం సంగతి లాయర్లు చెప్పాలి. ఇంజనీరుగా చెప్పగలిగేది ఒకటి: ప్రతి నిర్ణయం పక్కనా మోడల్ ఏ అంకె ఇచ్చింది, ఏ రూల్ పట్టుకుంది, ఎవరు మాన్యువల్‌గా మార్చారు అన్నది టైమ్‌తో సహా రాసి ఉంచాలి, అదీ రైతు చదవగలిగే తెలుగులో. "2:40, డీఓ 3.6, గంటలో 3 కిందకు పడే అవకాశం 30 శాతం, అందుకే మూడో ఏరేటర్ ఆన్" అని ఫోన్‌కు వస్తే కాపలా ఉన్న మనిషి అది సరైందో కాదో తేల్చుకోగలడు. ఆ రికార్డు రైతుకే చెందాలి, కంపెనీ దగ్గర దాచుకోకూడదు.

నేను విద్యార్థిని, ఎక్కడ మొదలుపెట్టాలి?

పైథాన్, ఒక మామూలు మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ ఎలాగూ కాలేజీలో వస్తాయి. తర్కం వైపు ఎవరూ చెప్పరు, కాబట్టి సొంతంగా పట్టుకోండి. ప్రోలాగ్ అనే తర్కం ప్రోగ్రామింగ్ భాష 1972 నాటిదే అయినా ఆలోచించే తీరు నేర్పిస్తుంది. క్లింగో అనే సాఫ్ట్‌వేర్‌లో మామూలు రూల్, దానికి మినహాయింపు ఎలా రాయాలో తెలుస్తుంది. జెడ్3 అనే తనిఖీ సాఫ్ట్‌వేర్ అయితే మీరు రాసిన రూల్స్ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయో లేదో చెబుతుంది. మూడూ ఉచితమే.

ప్రాజెక్టు కావాలంటే పెద్దదేమీ వద్దు. ఊళ్లో ఎవరైనా రైతు రాసుకున్న డీఓ పుస్తకం అడిగి తీసుకోండి, చాలామంది ఉదయం, రాత్రి రీడింగులు నోటుబుక్‌లో రాస్తారు. ఆ అంకెలతో చిన్న అంచనా మోడల్ కట్టండి, కాలిబ్రేషన్ చూడండి, తర్వాత ఆ రైతును కూర్చోబెట్టి "ఏం జరిగినా సరే, ఏది మాత్రం జరగకూడదు?" అని అడిగి ఆయన చెప్పినవాటిని రూల్స్‌గా రాయండి. ఆయన చెప్పే మొదటి పది మాటల్లో సగం మీ డేటాలో ఎక్కడా ఉండవు.

ఎన్ని రూల్స్ రాయాలి?

భద్రతకు సంబంధించినవి ఒక కాగితానికి మించకూడదు, ఆ కాగితం మోటారు షెడ్డులో గోడకు అంటించి ఉండాలి. అంతకు మించితే వాటిని ఎవరూ చదవరు, ఒకదానితో ఒకటి కొట్టుకున్నా ఎవరికీ తెలియదు. మిగతా సర్దుబాట్లన్నీ మోడల్‌కు వదిలేయొచ్చు.